మూసిన లాడం

"ఎక్కించేరండీ! ఆదివారం పందెంలో మీ చుక్క పేరు ఎక్కించేరు!"

బాబూరావు మోపెడ్ ఆపకుండానే అరిచి చెప్పేసి కొత్తపేట వైపు వెళ్ళిపోయాడు. అంతర్వేది ఇసుకలో జరిగే ఆ పందెంలో ఈసారి ఎనిమిది గుర్రాలకే చోటు. ధనరాజు ఒక్క గంతేసి పందిట్లోకి పరుగెత్తాడు. అక్కడ కృపానందం చుక్క ముందుకాలు ఒళ్ళో పెట్టుకుని లాడానికి ఆఖరి మేకు కొడుతున్నాడు. పెళ్ళయి రెండు నెలలైన నాగదుర్గ కొత్త గాజులు గలగలలాడించుకుంటూ మొగుడు ధనరాజు వెనకే వచ్చింది.

ధనరాజు గిట్ట చూసి ఆగిపోయాడు.

"ఏంటిది కృపానందం?"

"లాడం అండి."

"లాడమని నాకూ తెలుసు! ఇసుకలో పరిగెత్తడానికి తేలికపాటి అల్యూమినియం లాడాలు కొట్టమన్నాను. ఇదేంటి, అట్లపెనమంత బరువుంది! మడమ దగ్గర మూసేసి కూడా ఉంది!"

"గిట్ట పగిలిందండి. తెరిచున్న లాడమైతే పగులు విచ్చుకుంటాదండి. దీంతో నడవొచ్చండి, పరిగెత్తకూడదంతే."

"ఎక్కడ పగులు? గోటితో గీసినట్టుంది! దానికోసం పందెం మానుకోమంటావా?"

"మీకసలు బుద్ధుందా అండీ?" నాగదుర్గ మొగుణ్ణి పక్కకి తప్పించి కృపానందం మీదికొచ్చింది. మునగచెట్టు పూత పూసినా మురిసిపోయే మనిషికి ఇప్పుడు ముక్కుపుటాలు అదురుతున్నాయి. "కిందటి పందెంలో మీరు కొట్టిన లాడం ఊడే కదండీ ఈయన పడ్డది! పీటల మీద భుజం లేవక, మూడు ముళ్ళూ మా ఆడపడుచు వేసింది! పెళ్ళి ఫొటోలో తాళి దగ్గర ఆవిడ మొహమే ఉంది!"

"తప్పేనమ్మా."

"తప్పంటే సరిపోతుందా? ఆయన రోజూ ఎంత కష్టపడి దీన్ని తయారుచేసేరో మీకేం తెలుసు? ఆదివారం ఈ గుర్రం పరిగెత్తకపోతే ఈయన నలుగురిలో తలెత్తుకోగలరా?"

కృపానందం తల దించుకుని సుత్తి సంచిలో పెట్టుకున్నాడు.

"సర్దుకుంటావేంటి? పీకెయ్ దాన్ని!" అన్నాడు ధనరాజు.

"మీరు చెప్పిన లాడాలు ఇక్కడ లేవండి. తాటిపాకలో మా బావమరిది దగ్గరున్నాయండి."

"అయితే నువ్వింక రావొద్దు, అతన్నే పంపు. రేపు పొద్దున్న ఏడింటికల్లా ఆ లాడాలు పట్టుకుని ఇక్కడుండాలి. లేదంటే మీ కొలిమి గడప ఈ ఊళ్ళో ఎవడూ తొక్కడు!"

"ఆయ్."

"ఎల్లుండి నేను పరిగెత్తి తీరతాను!"

ధనరాజు భుజం మీది తువ్వాలు నేలకేసి కొట్టి, దాణా కొట్టు వైపు విసవిసా నడిచాడు.

"ఇంకా నిలబడ్డారేంటండీ? సిగ్గనిపించడం లేదూ?" అతను మలుపు తిరిగేదాకా నాగదుర్గ అరుస్తూనే ఉంది.

ఆ తరవాత లోపలికి వెళ్ళి, చల్లటి మజ్జిగ గ్లాసు తెచ్చి కృపానందం చేతిలో పెట్టింది.

"రేపు మీ బావమరిదిని కూడా మూసిన లాడాలే తెమ్మనండి బాబాయ్‌గారూ, తిట్లు నేను చూసుకుంటాను."