మేట్రన్ ఇచ్చిన కవరు

"ఇరవై రోజుల్నుంచి మీ సుట్టూ తిరుగుతున్నానమ్మగారూ. ఇప్పుడు అంటించేసి ఇస్తే లోపల ఏటి రాసేరో నాకెలా తెలుస్తాది?"

ఆ ఆసుపత్రిలో నర్సు వసంతకుమారి గొంతు పెంచడం అదే మొదలు.

మేట్రన్ ప్రేమలీల రిజిస్టర్లోంచి తలెత్తలేదు. "నీకు తెలియక్కర్లేదు. నువ్వు ఎలా పన్జేసేవో కువైట్ వాళ్లకి తెలిస్తే సాలు. పోస్టులో పంపాల్సిన రిపోర్టు, టైము లేదని నీ సేతికిస్తన్నాను. ఎల్లు, బండి దాటిపోద్ది."

కవరు అంటించిన చోట అడ్డంగా ఆవిడ సంతకం, నీలం సిరాతో.

రిక్షాలో రాయగడ స్టేషనుకి వెళ్తున్నంతసేపూ వసంతకుమారి కుతకుతలాడిపోయింది. తొమ్మిదేళ్లలో ఆ నోట ఒక్క మంచి మాట వినలేదు. దుప్పటి మడత బాగాలేదని తిట్టింది. రోగితో నవ్వితే తిట్టింది, నవ్వకపోయినా తిట్టింది. ఇప్పుడీ రిపోర్టు కోసం మూడు వారాలు కాళ్లరిగేలా తిప్పింది. అలాంటి మనిషి మంచి రాస్తుందా? రేపు పొద్దున్నే వాల్తేరులో కువైట్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. ఇది పోతే మళ్లీ ఆవిడ కిందే చాకిరీ. తలుచుకుంటేనే ఒళ్లు మండింది.

జేకేపూర్ కాగితాల మిల్లులో పనిచేసే అన్న అంద్రెయ సంచీ పట్టుకుని ప్లాట్‌ఫారం మీద ఎదురు చూస్తున్నాడు.

"ఇచ్చిందేటి?"

"ఇచ్చింది. నా ఉరితాడు నా సేతికే ఇచ్చింది."

అంద్రెయ కవరు అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇప్పీసి సూడమ్మీ."

"తప్పు కాదేటి అన్నయ్యా?"

"సెడ్డగా రాసుంటే సించీ. ఇంకా అందలేదని సెప్పు. మంచిగా రాసుంటే మళ్లీ అతికించేద్దుం. ఆవిరి తగిల్తే గమ్ము వదిలేస్తాది. కాయితాల మిల్లులో పన్జేసేవోడిని, నాకు తెల్దేటి?"

టీ కొట్టు లక్ష్మణుడి కెటిల్ ముక్కు దగ్గర ఆమె కవరు పట్టుకుంది. నిమిషంలో అంచు లేచింది. దాంతోపాటు సిరా కూడా పాకి, సంతకం నీలం మరకైపోయింది.

"అయ్యో, సంతకం సెదిరిపోయింది."

"అదెవుడు సూస్తాడు? ముందు సదువు."

చదివింది. *వసంతకుమారి నా దగ్గర పనిచేసిన నర్సులందరిలోకీ మేలైనది. ఊళ్లో వాంతులూ విరేచనాలూ ప్రబలిన రోజుల్లో పదకొండు రోజులు వార్డు వదల్లేదు. నేనెంత తిట్టినా రోగి మీద విసుక్కోలేదు. ఈ రిపోర్టు ఆలస్యం కావడం నా స్వార్థమే. ఈమె పోతే నా ఆసుపత్రికి చెయ్యి విరిగినట్టే.*

వసంతకుమారికి సిగ్గేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. పొద్దున తను ఆవిడ మీద అరిచిన అరుపు గుర్తొచ్చి తల దించుకుంది.

"మరింకేటి, ఉద్యోగం వచ్చీసినట్టే." అంద్రెయ ముఖం వెలిగిపోయింది. "బుకింగ్ బాబు దగ్గర గమ్ముంటాది. తెస్తానుండు."

అతను పరుగెత్తాడు. దూరంగా బండి కూత వేసింది. ఆమె కళ్లు తుడుచుకుని, మడత పెడదామని కాగితం తిప్పింది. వెనక ఇంకో రెండు ముక్కలు రాసున్నాయి.

*రహస్య నివేదికను అభ్యర్థి చేతికివ్వకూడదని నాకు తెలుసు. అయినా కావాలనే ఈమెకిచ్చి పంపుతున్నాను. కవరు మీద నా సంతకం ఇసుమంతైనా చెదరకుండా మీ బల్ల మీదికి వస్తుంది, ఈమె ఎలాంటి మనిషో చెప్పడానికి అంతకన్నా పెద్ద సాక్ష్యం నా దగ్గర లేదు.*