చప్పట్ల తోడు

కంబదూరు బయట మూతపడిన వేరుశనగ మిల్లులో అంజలి ఒక్కతే ఫ్లమెంకో సాధన చేస్తోంది. స్పెయిన్ నుంచి వచ్చిన టీచరమ్మ నేర్పిన నాట్యం అది. తరిమేస్తే ఊరూరా తిరిగిన జిప్సీల దుఃఖం అందులో ఉందట. "నీ దుఃఖం నీ మడమల్లోకి దిగాలి. చప్పట్లు కొట్టేవాళ్లు దానికి తోడుంటారు" అనేది ఆమె.

చీకటి పడ్డాక అంజలి చనిపోయిన తల్లిని మొదటిసారి తలచుకుని ఆడింది. నేల మీద పరుచుకున్న చెక్క పలకల మీద మడమలు మోగాయి. ఆ మోతల మధ్య ఖాళీల్లో ఎవరో చప్పట్లు కొట్టారు.

ఆమె ఆగింది. చప్పట్లు ఆగలేదు.

"ఎవరప్పా ఆడ?"

అంజలి బయటికి పరుగెత్తింది. ఆమెను తీసుకుపోవడానికి వచ్చిన తండ్రి ఇమ్మానుయేల్ బండి ఆపి ఆ చప్పట్లే వింటున్నాడు.

"లోపల ఎవురో ఉండారు నాయనా. పోదాం పా."

ఆయన కదల్లేదు. "మీయమ్మ చర్చిలో ఇట్లనే కొడతాండె" అన్నాడు మెల్లగా.

"వద్దు నాయనా!" అంజలి ఆయన చేయి పట్టుకుంది. ఆయన విడిపించుకుని మిల్లులోకి నడిచాడు.

చప్పట్లు ఆగిపోయాయి. అంజలి "నాయనా?" అని పిలిచింది.

చప్పట్లు మళ్లీ మొదలయ్యాయి. ఈసారి కొడుతున్నది ఇద్దరు.