ఆఖరి ఇంజెక్షన్ అయ్యేదాకా

బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్ళు గుమ్మం ముందు గుమ్మరించి, చీపురుతో గరగరా రుద్దుతోంది ప్రవీణ. ఆ ఘాటుకి రెండో అంతస్తు మొత్తం ముక్కు మూసుకుని తిరుగుతోంది. ఎవరేమన్నా ఆమె జవాబు ఒక్కటే.

"కుక్కపిల్లకి ఆఖరి ఇంజెక్షన్ ఇంకా పడలేదండీ."

ఆ మాటలో విసుగూ లేదు, బతిమాలుకోవడమూ లేదు. కరెంటు పోయిందని చెప్పినట్టు చెబుతుంది.

మాదాపూర్‌లో ఆ వీధంతా కొత్తది. ఒక పక్క బండలు పేలుస్తుంటారు, ఇంకో పక్క పునాదులు తవ్వుతుంటారు. ప్రతి ఇసుక కుప్ప మీదా ఏదో ఒక వీధికుక్క కాపురం. అలాంటి ఒక తల్లి కుక్క లారీ కింద పడి చచ్చిపోతే, దాని పిల్లల్ని వాచ్‌మన్ మొగిలి గంపలో వేసుకొచ్చి అపార్ట్‌మెంట్లో అడిగినవాళ్ళకి ఇచ్చాడు. ప్రవీణా ఒకదాన్ని తెచ్చుకుంది.

"పార్వో అని ఒక పాడు జబ్బుంది," అని పశువుల డాక్టరు మొదటిరోజే హెచ్చరించాడు. "ఇంజెక్షన్లన్నీ అయ్యేదాకా పిల్లని బయట నేల మీద దింపకండి. వీధికుక్కలు తిరిగిన చోట తొక్కిన చెప్పుతో కూడా ఇంటికొస్తుంది. వాంతులు, నెత్తుటి విరేచనాలు. పసికూనలు తట్టుకోలేవు."

చెప్పులే కదా అని ప్రవీణ ధైర్యంగా ఉంది. ఆమె ఇంట్లో చెప్పు గడప దాటిన రోజు లేదు.

ఇంతలో శ్రావణం వచ్చింది. మొదటి శుక్రవారం ఆమె ఇంట్లోనే పేరంటం. కొత్త చోటు, కొత్త మనుషులు, అయినా పిలిచినవాళ్ళందరూ వచ్చారు. చెప్పులు బుద్ధిగా మెట్ల దగ్గరే విడిచారు. ప్రవీణ కింద కూర్చుని ఒక్కొక్కరి పాదాలకీ పసుపు రాసింది. వానకి తడిసిన పాదాలు, వేళ్ళ సందుల్లో వీధి బురద. మధ్యలో కుక్కపిల్ల వచ్చి ఒళ్ళో దూరితే, ఆ చేతుల్తోనే ఎత్తుకుని ముద్దు చేసింది. అది ఆమె వేళ్ళన్నీ నాకింది. ఆడవాళ్ళంతా పకపకా నవ్వారు.

"చెప్పుల్ని ఆపారు గానీ పాదాల్ని ఆపలేదమ్మా," అన్నాడు డాక్టరు, తరవాత. తిట్టలేదు. "ఫినాయిల్‌కి ఆ జబ్బు క్రిమి చావదు. బ్లీచింగ్ పౌడరే వాడండి. ఇంట్లో నెలల తరబడి ఉంటుంది."

తిడితే బాగుండేదనుకుంది ప్రవీణ. ఆ తరవాత ఆమెకి ఏమీ అనుకోబుద్ధి కాలేదు. లోపల ఎక్కడో మొద్దుబారిపోయింది. అన్నం తింటోంది, రుచి తెలియడం లేదు. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి. కుక్కపిల్ల పడుకునే గోనెపట్టా తీసుకెళ్ళి డాబా మీద తగలబెట్టింది. బ్లీచింగ్ నీళ్ళకి వేళ్ళు పొట్టు రేగాయి, ఆ మంటా తెలియలేదు.

పనిమనిషి కొమురమ్మని మాన్పించింది.

"నేనేం జేసిన్నమ్మా?" అని కొమురమ్మ చిన్నబుచ్చుకుంది.

"నువ్వేం చెయ్యలేదు. ఎదురింట్లో మామూలుగా చేసుకో. రెండిళ్ళ మధ్యా తిరగొద్దంతే. ఆఖరి ఇంజెక్షన్ అయ్యాక పిలుస్తాను."

ఇక మిగిలింది మొగుడు. గుమ్మంలో వెడల్పాటి బేసిన్ నిండా బ్లీచింగ్ నీళ్ళు పెట్టింది. రోజంతా కంప్యూటర్లకి రెండువేల సంవత్సరం తెగులు, వైటూకేకి మందు వేసి అలిసిపోయి వచ్చిన శివశంకర్, ప్యాంటు మడుచుకుని అందులో కాళ్ళు ముంచాలి. పొద్దున్న ఆఫీసుకి వెళ్ళేటప్పుడూ ముంచాలి. ఆయన అలాగే చేసేవాడు. ఒక్కసారి మాత్రం అడిగాడు.

"ఇంకా ఎన్నాళ్ళు ప్రవీణా?"

"ఆఖరి ఇంజెక్షన్ అయ్యేదాకా అండీ."

ఆయన ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె తోసెయ్యలేదు, దగ్గరికీ జరగలేదు.

ఇవాళ శ్రావణంలో ఆఖరి శుక్రవారం. ఎదురింటి భూలక్ష్మి వ్రతం చేసుకుంది. ఆవిడ పుట్టిందీ పెరిగిందీ పక్కనే రాయదుర్గంలో. కాకినాడ నుంచి వచ్చిన ప్రవీణకి ఈ ఊళ్ళో అక్కంటే ఆవిడే. పసుపు గిన్నె, కుంకుమ భరిణ, వాయనం పళ్ళెం పట్టుకుని, తలుపు దగ్గరగా వేసి ఇవతలికి వచ్చింది.

"అక్కడే ఆగండక్కా!" ప్రవీణ రెండడుగులు వెనక్కి వేసింది.

"పసుపు బొట్టు వద్దంటరా ఎవరన్న? మంచిగుండది." భూలక్ష్మి వరండా మధ్యలోనే చతికిలబడింది. "నేను రాను తియ్. నువ్వే ఇటు వచ్చి జర కాళ్ళు వెట్టు."

ప్రవీణ పాదాలు కుచ్చిళ్ళ కిందికి లాక్కుంది. ముత్తయిదువ పసుపు తెస్తే కాదనడం తన పుట్టింట్లో కనీవినీ ఎరగరు. అయినా తల అడ్డంగా ఊపింది.

"నా కాళ్ళు ముట్టుకోకండి. చేతులకంటుకునే కదక్కా వచ్చేది."

అప్పుడే తలుపు అవతల కుక్కపిల్ల కుయ్‌కుయ్‌మంది. గోళ్ళతో చెక్కని గీరుతోంది. ఇన్నాళ్ళకి ప్రవీణ ముఖంలో ఏదో కదిలింది. భయం అది, ఒట్టి భయం.

"సోమవారం సూదేపిస్తే అయిపాయె గద," అంది భూలక్ష్మి మెల్లగా. "గింత పరేషాన్ ఎందుకే పిల్లా?"

"అది అయ్యాక నేనే వస్తానక్కా. అప్పుడు రాద్దురు గాని."

భూలక్ష్మి శనగల పళ్ళెం నేల మీదే వదిలి, కొంగుతో కళ్ళొత్తుకుంటూ లేచింది. ప్రవీణ మళ్ళీ చీపురు అందుకుంది.

భూలక్ష్మి వెళ్ళి తన ఇంటి తలుపు తియ్యగానే, ఆవిడ పెంచుకుంటున్న కుక్కపిల్ల తోక ఊపుకుంటూ ఆవిడ పసుపు కాళ్ళ మీదికి ఎగబాకింది. ప్రవీణ తన కుక్కపిల్లని పేరంటమైన వారానికే ఇసుక కుప్ప పక్కన పాతిపెట్టింది; దానికి మిగిలిన ఒక్కగానొక్క తోబుట్టువు ఇది.