నాటుపెంకుల కప్పు

“నిచ్చెన యాడుండాదమ్మా?” అన్నాడు ఇన్సూరెన్సు ఇన్‌స్పెక్టరు శాంతయ్య, గొడుగు మడుస్తూ.

చంద్రకాంతమ్మ పక్కనున్న కుప్పమ్మ వైపు చూసింది.

“దొడ్లో ఉండాది సార్, ఇప్పుడే తెస్తా” అని కుప్పమ్మ పరుగెత్తింది.

“ఆయమ్మ ఎవరు?”

“బాడుగకుండారు సార్. ముందర అంకణంలో మగ్గం ఏసుకున్నారు.”

అరవై ఏళ్లొచ్చాక పరాయి మనిషి ముందు ఇలా చేతులు కట్టుకుని నిలబడాల్సి వచ్చిందే అని చంద్రకాంతమ్మ ప్రాణం చచ్చిపోతోంది. నగరిలో హెడ్‌మాస్టరుగారి భార్యగా తలెత్తుకు తిరిగిన మనిషి మరి! ఆయన పోయి ఆరేళ్లయినా, ఏటేటా ఇంటికి ఇన్సూరెన్సు కట్టడం మాత్రం మానలేదు. పోయిన మంగళవారం నిమ్మకాయలంతేసి వడగళ్లు పడి ఈ కప్పు కాస్తా జల్లెడైంది. మగ్గం గుంతలో మోకాటి లోతు నీళ్లు. మగ్గం మీది పడుగు నూలంతా తడిసి కంపు కొడుతోంది. కుప్పమ్మ మొగుడు సొంత మగ్గం వదిలేసి ఎవరి మగ్గం మీదో కూలికి పోతున్నాడు. శాంతయ్య సంతకం పెడితేనే కొత్త కప్పు. లేదంటే వచ్చే వానలకు గోడలు కూడా దక్కవు.

శాంతయ్య ఇన్సూరెన్సు కాగితం తీసి చదివాడు. కప్పు వైపు చూశాడు. మళ్లీ కాగితం చూశాడు.

“దీంట్లో బంగళాపెంకు అని రాసుండాది. ఇది నాటుపెంకు గదమ్మా?”

చంద్రకాంతమ్మ ముఖం పాలిపోయింది.

“అప్పట్లో బంగళాపెంకే సార్. తర్వాత... మార్చినాం.”

“బంగళాపెంకు తీసేసి నాటుపెంకు ఎవరన్నా ఏస్తారా? అమ్ముకున్నారా ఏంది?”

ఆమె తలవంచుకుని అవునన్నట్టు ఊపింది. సిగ్గుతో చెవులు భగ్గుమన్నాయి. శాంతయ్య ఇంకేమీ అడక్కుండా చెప్పులు విడిచి, కుప్పమ్మ తెచ్చి ఆనించిన నిచ్చెనెక్కాడు.

“వొద్దక్కా, ఆయన్ను పంపించేద్దాం. నీకీ తలవంపులేల?” అంది కుప్పమ్మ గుసగుసగా.

“నోరుముయ్యే. మాట్లాడితే వినిపిస్తాది.”

శాంతయ్య కప్పంతా తిరిగి చూశాడు. నాలుగు పెంకుముక్కలు పట్టుకుని నింపాదిగా దిగివచ్చాడు.

“పాత పగుళ్లయితే అంచుకు పాచి పట్టుంటాది. ఇవి ఎర్రగా ఉండాయి సూడండి. వడగళ్ల దెబ్బే, అనుమానం లేదు. లోపల గూడా ఒకసారి సూడాల.”

“రండి సార్, రండి” అంటూ చంద్రకాంతమ్మ గబగబా ముందు నడిచి, ద్వారబంధానికి నుదురు ఠపీమని కొట్టుకుంది.

“అయ్యో అక్కా, వొంగి రావల్ల గదా!” అంది కుప్పమ్మ.

“గట్టిగా తగిలిందా?” అని అడిగి, శాంతయ్య వంగి లోపలికి వచ్చాడు. పైన ఆకాశం కనిపిస్తోంది. గుంతలో నీళ్లు చూశాడు. తడిసిన పడుగు మీద చెయ్యి పెట్టి చూశాడు. తర్వాత గుంత గట్టున కూర్చుని రాయడం మొదలుపెట్టాడు.

“పెంకు సంగతి ఏమని రాస్తారు సార్?” అని అడిగింది చంద్రకాంతమ్మ.

“నేను సూసింది రాస్తా. వడగళ్లు పడినాయి, కప్పు పగిలింది. సంతకం పెట్టండి.”

ఆయన నాలుగు మాటలు తిట్టినా బాగుండేదని ఆమెకు అనిపించింది. సంతకం పెట్టి, కాగితం వెనక్కి ఇవ్వబోతూ ఆగింది.

“సార్, మీకొక మాట చెప్పాల...”

“ఏం చెప్పొద్దులేమ్మా. డబ్బు రాంగానే ముందు కప్పేయించండి.”

కుప్పమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ దండం పెట్టింది. చంద్రకాంతమ్మ తలెత్తలేక గడప దగ్గరే నిలబడిపోయింది. శాంతయ్య వీధిలోకి దిగి, చెప్పులు తొడుక్కుని, గొడుగు విప్పి వెనక్కి తిరిగాడు.

“వీధి అవతల మీ బంగళాపెంకుల ఇంటి తలుపు తెరిచే ఉండాది, పోయి ఏసుకోండమ్మా.”