జబ్బు లేని ఊరు

మేకుతో బెల్టుకు ఇంకో కన్నం పొడుస్తూ భార్యకు దొరికిపోయాడు నెత్తురు మాస్టారు. ఆస్పత్రి ల్యాబ్‌లో ఊరందరి రక్తం పరీక్షించేది ఆయనే కాబట్టి ఆ పేరు.

"మళ్లీ కన్నమా? మనిషి చిక్కిపోతున్నారు, పొట్ట ఎడమవైపు రాయిలా ఉందంటారు. మీకు దణ్ణం పెడతాను, పట్నంలో ఒకసారి చూపించుకోండి."

"రోజూ ల్యాబ్ యంత్రంలో నా నెత్తురు చూసుకుంటూనే ఉన్నానుగా. నార్మల్. ఊరంతా నా దగ్గరికొస్తుంటే నేను పట్నం పోతే నవ్వరూ?"

యంత్రం మాట కాదనే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. ఆవిడ భయం మాత్రం పోలేదు.

ల్యాబ్‌లో ఆయన కోసం ఒక డాక్టరమ్మ కూర్చుని ఉంది. దేశంలో రక్త క్యాన్సర్లు ఎవరికి, ఎక్కడ వస్తున్నాయో లెక్క తీసే ఆఫీసు నుంచి వచ్చింది.

"ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా పెరిగే రకం ఒకటుంది మాస్టారూ. మామూలు రక్తపరీక్షలో తెల్లకణాలు ఎక్కువ కనపడితే బయటపడుతుంది. దేశమంతటా దొరుకుతోంది. మీ ఊళ్లో మాత్రం కొన్నేళ్లుగా ఒక్కరికీ లేదు."

"మా నీళ్లు మంచివండీ," అన్నాడు మాస్టారు, అవార్డేదో ఇవ్వడానికి వచ్చిందనుకుని.

"మరి ఊళ్లో దాదాపు అందరికీ తెల్లకణాలు తక్కువేమిటి?"

"నీరసపు జనం. డాక్టరుగారు అందరికీ టానిక్ రాసేస్తారు."

"పొద్దున ఒక టైలర్ భార్యను కలిశాను. ఆయన పొట్ట ఎడమవైపు ఉబ్బి, మనిషి చిక్కిపోయి చనిపోయాడట."

"పాపం, వాడి రిపోర్టు నార్మలే. ఊళ్లో అలాంటి రిపోర్టు అరుదు. ముచ్చటేసి నేనే స్వయంగా వెళ్లి చెప్పొచ్చాను."

డాక్టరమ్మ కుర్చీలోంచి లేచింది. కణాలు లెక్కపెట్టే యంత్రం దగ్గరికెళ్లింది.

"రోజూ పొద్దున దీన్ని దేంతో సరిచేస్తారు?"

"కంపెనీ పంపే సీసాలు ఎప్పుడో ఆగిపోయాయండీ. ఆరోగ్యంగా ఉన్న మనిషి నెత్తురు పెట్టి, ఇదే సరైన లెక్క అని దానికి చెబుతాం. దాన్నిబట్టే అది మిగతావాళ్లది కొలుస్తుంది."

"ఎవరి నెత్తురు?"

"ఇంకెవరిదండీ," అంటూ మాస్టారు వదులైపోయిన చొక్కా చేతిని గర్వంగా పైకి మడిచాడు, "ఇన్నేళ్లలో ఏ ఒక్కరోజూ నార్మల్ తప్పనిది నా ఒక్కడిదే."