పైల్వాన్ బొటనవేలు

నాగర్‌కర్నూల్ నుంచి తుకారాం నా దుకాణానికొచ్చిండు. పాతకాలపు ఆటబొమ్మలు జమచేసే పిచ్చి ఆయనకు ఈ మధ్యనే పట్టింది. చేతిల ఉన్నది నా బొమ్మ కాదు, పెద్ద కంపెనీ డబ్బా. మీద ‘పాతకాలపు పైల్వాన్’ అని రాసుంది.

“నవనీతక్కా, దీని చెయ్యి ఇరిగింది. కంపెనీవోళ్లు చెయ్యొక్కటే ఇయ్యరంట. జర నువ్వేమన్న చేస్తవా?”

ఒళ్లు మండింది. ఈ గద్వాలల పదేండ్ల సంది పైల్వాన్ బొమ్మలు చేసేది నేను. నిరుడు ఆ డబ్బాలు దిగినయ్, నా బొమ్మల దిక్కు చూసెటోడే లేడు. ఇప్పుడు వాళ్ల బొమ్మకు నేను దవాఖాన పెట్టాల్నంట.

“నా పైల్వాన్ చెయ్యి ఒకటుంది. దీనికి పడ్తదో లేదో తెల్వదు,” అన్న.

నా బొమ్మల కుడిచేతి బొటనవేలు బయటికి వంకరపోయి ఉంటది. మొదటి అచ్చు చెక్కిననాడు కత్తి జారింది. మల్ల చెక్కే ఓపిక లేక అట్లనే ఉంచిన.

ఆ చెయ్యిని కంపెనీ బొమ్మ భుజంల పెట్టి నొక్కిన. టక్కున కూసుంది. నాకు అనుమానమొచ్చి ఇరిగిన ముక్కను చేతిలకు తీసుకున్న. దాని బొటనవేలు గూడ అట్లనే, అంతే వంకర.

రెండు వేళ్లూ పక్కపక్కన పెట్టి తుకారాంకు చూపించిన.

ఆయన కండ్లు పెద్దగయినయ్. మెచ్చుకోలుగ తల ఊపిండు.

“కంపెనీదాన్ని చూసి అచ్చం దింపినవ్ గదక్కా. వంకర సుత ఇడ్సిపెట్టలే.”