ఉప్పు కస్టర్డ్

మొదటి స్పూను నోట్లో పెట్టగానే సర్దార్‌బీ మొహం ముడుచుకుపోయింది.

"ఇదేంది? చక్కెరకు బదులు ఉప్పేసినారా?"

విడవలూరులో ఫరీన్ వాళ్లింట్లో ఇఫ్తార్ అది. మగవాళ్లు మసీదుకు వెళ్లారు. ఇంట్లో ఉన్నది ఆడవాళ్లే. ఫరీన్‌ను కోడలిగా చేసుకుందామని అర్మాన్ తల్లి కాలేషాబీ చిట్టమూరు నుంచి మధ్యాహ్నమే వచ్చింది. అర్మాన్ మేనత్త సర్దార్‌బీ మాత్రం వెంకటాచలం నుంచి సరిగ్గా ఒక్కపొద్దు విడిచే వేళకు దిగింది. ఆమె ఊఁ అంటేనే సంబంధం ఖాయం. ఆ ఇంట్లో ఆడబిడ్డ పెత్తనం అలాంటిది మరి!

"ఉప్పుకీ చక్కెరకీ తేడా తెలీదా ఈ పిల్లకి? రేపు మావోడికి ఏం వండి పెడతాది?"

వంటింటి గుమ్మంలోంచి ఫరీన్ వాళ్లమ్మ, చెప్పెయ్ అన్నట్టు సైగ చేసింది. ఫరీన్ చూడనట్టే నిలబడింది. అర్మాన్ అంటే ఆమెకు ప్రాణం. అయినా తల దించబుద్ధి కాలేదు.

"ఒక్కపొద్దులో వండేవాళ్లు రుచి చూడరు గదత్తా. డబ్బాలు మారుంటాయి. అదేమన్నా నేరమా?"

"తప్పు చేసి నాకే నేర్పుతావా?"

"ఇంకోటి కూడా వినండి. కస్టర్డ్ అనే ఇంగ్లీషు మాట పుట్టినప్పుడు అది ఉత్త తీపి కాదు. పిండితో గట్టి పెంకు చేసి, అందులో మాంసం, గుడ్లు, పాలు పోసి కాల్చేవాళ్లు. ఆ పెంకు పేరే వంటకానికొచ్చింది. తర్వాత పెంకూ పోయింది, మాంసమూ పోయింది. పేరు మిగిలింది. మనం ఈరోజు పాతకాలం కస్టర్డ్ తిన్నాం, అంతే!"

ఎవరూ నవ్వలేదు. కాలేషాబీ తలెత్తకుండా తన గిన్నెలోది తింటూనే ఉంది.

"ఇంత నోరున్న పిల్ల మనకొద్దు వదినా. లే, పోదాం."

సంబంధం చెయ్యి జారిపోతోందని ఫరీన్‌కు తెలుస్తూనే ఉంది. మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

"వద్దంటే మీ ఇష్టం. ఒకపూట ఉప్పు పడిందని మనిషిని నలుగురిలో పెట్టి కడిగేస్తే నేనూరుకోను."

కాలేషాబీ ఖాళీ గిన్నె కింద పెట్టింది. ఆడబిడ్డ మాటకు ఏనాడూ ఎదురు చెప్పని మనిషి.

"నా కోడలు ఈ పిల్లే," అంది. "నువ్వు రాకపోయినా నిఖా జరుగుతాది."

సర్దార్‌బీ విసురుగా లేచి, చెప్పులు వెతుక్కుంటూ వసారాలోకి పోయింది.

అదే అదనుగా ఫరీన్, మధ్యాహ్నం చిట్టమూరు నుంచి కస్టర్డ్ పోసుకొచ్చిన స్టీలు డబ్బాను గబగబా కడిగి, మూత మీద చెక్కిన 'కాలేషాబీ' అన్న పేరు కనబడకుండా గుడ్డలో చుట్టి, కాబోయే అత్తగారి సంచిలో పెట్టేసింది.